గోడ చదివాకే బొమ్మ
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గోడబొమ్మల గురించి అడిగినవే ఎక్కువ. అనంతపురం నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన వాటిలో నలుగురికీ పనికొచ్చే ఆరింటిని ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి బొమ్మలంటే ప్రాణం. ఊరి నడిబొడ్డున గోడల మీదున్న బొమ్మలన్నీ ఒక ఆదివారం తిప్పి చూపిద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఏం చూడాలి?

జవాబు: పొద్దున ఆరున్నరకల్లా టవర్ క్లాక్ దగ్గరుండండి. ఆ వేళకు దుకాణాలు తెరవరు కాబట్టి షట్టర్ల మీద చేత్తో రాసిన అక్షరాలూ, వేసిన బొమ్మలూ పూర్తిగా కనిపిస్తాయి. తొమ్మిది దాటితే షట్టర్ పైకి చుట్టుకుపోతుంది, బొమ్మ దానితోపాటే పోతుంది. పైగా ఆదివారం పొద్దున రోడ్డుకు అవతలి పక్కన నిలబడి చూడటానికి వీలుంటుంది. గోడబొమ్మను దూరం నుంచి చూడకపోతే సగమే చూసినట్టు.

ముందు గడియార స్తంభం కొలతలతో మొదలుపెట్టండి. దానికి ఎనిమిది ముఖాలు, వెడల్పు 15 అడుగులు, ఎత్తు 47 అడుగులు, అంటే 15-8-47 అని ఊళ్ళో చెబుతారు. 47 అడుగులంటే ఎంతో ఒకసారి కంటికి అలవాటైతే, తర్వాత ఏ గోడ చూసినా ‘ఇందులో ఎన్నో వంతు’ అని పిల్లే అంచనా కడుతుంది. గోడబొమ్మలో సగం కష్టం కొలతదే. అక్కడి నుంచి సుభాష్ రోడ్డు మీదుగా సప్తగిరి సర్కిల్ దాకా ఒక పక్కన వెళ్ళి, రెండో పక్కన తిరిగి రండి. ఆ తర్వాత మీ పాతూరు సందుల్లోకి వెళ్ళండి. ప్రభుత్వ కార్యాలయాల, బడుల, కాలేజీల ప్రహరీలూ వంతెన స్తంభాలూ ఒక రకం. దుకాణాల షట్టర్లు, బోర్డులు రెండో రకం. సిమెంటు, విత్తనాలు, పార్టీ గుర్తుల ప్రకటన గోడలు మూడో రకం. మూడో రకాన్ని చిన్నచూపు చూడొద్దు. ఆరడుగుల అక్షరాన్ని దారం, సుద్దముక్క, రెండంగుళాల బ్రష్‌లతోనే తేడా రాకుండా రాసే చేతులు అక్కడే కనిపిస్తాయి.

ప్రతి గోడనూ రెండుసార్లు చూడాలి. మొదట రోడ్డు వెడల్పంత దూరం నుంచి చూసి, ఆ తర్వాత జానెడు దూరానికి వెళ్ళండి. దగ్గరికి వెళ్ళినప్పుడు రంగు అంచు చూడండి. అంచు కోసినట్టుంటే టేపు అంటించి వేసింది. కొంచెం ఉబ్బెత్తుగా, వెంట్రుక గీతలతో ఉంటే బ్రష్. పొగలా కరిగిపోతే స్ప్రే. లేతరంగు ఉన్నచోట పరికించి చూస్తే అడుగున పెన్సిలు గళ్ళో, నీలం దారం గీతో కొన్నిసార్లు దొరుకుతుంది. బొమ్మను చిన్న కాగితం నుంచి గోడకు ఎలా పెంచారో ఆ గీతే చెబుతుంది. కింద కుడిమూలన సంతకం ఉందేమో వెతకండి. ఉంటే ఆ పేరు రాసుకోండి.

బొమ్మ వయసును రంగును బట్టి పట్టుకోవచ్చు. ఎండ పడే గోడ మీద ముందు వెలిసేవి గులాబీ, ఊదా, మెరిసే నారింజ. నీలం, నలుపు, గేరురంగు నిలబడతాయి. మనిషి ముఖంలో ఎరుపు పోయి బూడిదరంగు మిగిలి, వెనకాల ఆకాశం మాత్రం నిన్న వేసినట్టుంటే, ఆ గోడ పడమరకో దక్షిణానికో తిరిగి ఉందేమో చూడండి. చాలాసార్లు అదే అవుతుంది. ఇక నేల నుంచి రెండడుగుల దాకా పెచ్చులూడి, పైన బాగుంటే అది ఎండ చేసిన పని కాదు, చవుడు. దాని గురించి కింద మరో ఉత్తరానికి రాసిన జవాబులో వివరంగా ఉంది.

మంచినీళ్ళు, టోపీ, అడుగుల టేపు, గళ్ళ నోటుపుస్తకం తీసుకెళ్తే చాలు. రెండు గంటలకు మించి తిప్పొద్దు.

ప్రశ్న: ధర్మవరం దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచర్ని. మా బడి ముందరి ప్రహరీ 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. ఏటా సున్నం వేస్తారు. దాని మీద ముప్పై మంది పిల్లలతో బొమ్మ వేయించాలని ఉంది. ఎంత రంగు కొనాలి, ఏ వరుసలో చేయాలి?

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘ఏటా సున్నం వేస్తారు’ అన్నదే. సున్నం మీద వేసిన ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే ప్లాస్టిక్ రంగు) గోడను పట్టుకోదు, సున్నాన్ని పట్టుకుంటుంది. సున్నం పొరకు గోడ మీద పట్టు లేదు. ఒక వాన, ఒక ఎండాకాలం గడిచేసరికి రంగు అరటితొక్కలా ఊడివస్తుంది. కాబట్టి మొదటి రెండు రోజులూ గీకుడే. లప్పం రేకుతో గీకి, వైరు బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడగండి. ఆరాక అరచేత్తో గట్టిగా తుడవండి. చేతికి తెల్లటి పొడి అంటినంతసేపూ మళ్ళీ గీకాల్సిందే. ఈ పనిలో పిల్లల్ని పెట్టొద్దు, సున్నపు దుమ్ము కళ్ళలో పడితే ప్రమాదం. పెద్దవాళ్ళు కూడా కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకునే చేయాలి.

కడిగాక మూడు రోజులు ఆరనివ్వండి. తడి పోయిందా లేదా అన్నది కంటితో చెప్పలేం. ఒకటిన్నర అడుగుల చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు వైపులా టేపు వేసి సాయంత్రం వదిలేయండి. పొద్దున తీసి చూస్తే లోపలివైపు నీటిచుక్కలున్నా, గోడ నల్లబడి ఉన్నా ఇంకా ఆగాలి. ఈ పరీక్ష రెండు చోట్ల చేయండి, నేలకు అడుగు ఎత్తులో ఒకటి, నాలుగడుగుల ఎత్తులో ఒకటి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే 28 రోజులు ఆగి తీరాలి. కొత్త సిమెంటు క్షారగుణం చాలా ఎక్కువ, అది రంగును కాల్చేస్తుంది. ఎరుపు, ఊదా మచ్చలు మచ్చలుగా తెల్లబోయేది అందుకే.

పగుళ్ళకు, గుంటలకు వైట్ సిమెంటుతో చేసిన లప్పమే వాడండి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బయట పనికిరాదు, నీళ్ళు తాగి ఉబ్బుతుంది. లప్పం గోడంతా నున్నగా పూయక్కర్లేదు. కొంచెం గరుకుంటేనే రంగు పట్టు ఎక్కువ.

ఇక లెక్క. 40 ఇంటు 8, మొత్తం 320 చదరపు అడుగులు. గీకిన పాత గోడ ఎక్కువ పీలుస్తుంది కాబట్టి బయటి గోడల ప్రైమర్ (రంగు కన్నా ముందు వేసే అడుగు పూత) లీటరుకు 80 చదరపు అడుగులే వస్తుందనుకోండి. 4 లీటర్ల డబ్బా సరిపోతుంది. దాని మీద తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు 50 చదరపు అడుగులు, అంటే ఆరున్నర లీటర్లు. 10 లీటర్ల బకెట్టే కొనండి. మిగిలిన మూడున్నర లీటర్లు లేతరంగులు కలుపుకోవడానికి పనికొస్తాయి. స్టెయినర్ (తెల్లరంగులో కలిపే చిక్కటి రంగు ద్రవం) సీసాతో కలిపేటప్పుడు లీటరుకు 30 మి.లీ. దాటొద్దు. దాటితే రంగు చిక్కబడదు, పొర బలహీనపడి చేతికి అంటుకుంటుంది. చాలామంది చేసే తప్పు ఇక్కడే. తెల్లరంగులో ఎంత ఎర్ర స్టెయినర్ పోసినా గులాబీ వస్తుంది తప్ప ఎరుపు రాదు. చిక్కటి రంగులు దుకాణంలో మెషీన్ మీద, తెలుపు చాలా తక్కువగా ఉండే డీప్ బేస్‌లో కలిపించుకోవాలి. గేరు ఎరుపు, పసుపు, ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు ఒక్కో లీటరు చొప్పున తీసుకుంటే మీ గోడకు ధారాళం. పసుపు, ఎరుపు అడుగు రంగును కప్పవు, మూడు పూతలు పడతాయని ముందే లెక్కలో పెట్టుకోండి. పసుపు కింద తెలుపు, ఎరుపు కింద లేత బూడిదరంగు వేస్తే ఒక పూత మిగులుతుంది.

బొమ్మను గోడకెక్కించే పద్ధతికి మీ పిల్లలకు కొత్త పాఠం అక్కర్లేదు. చుక్కల ముగ్గు వేసే ఏ ఆడపిల్లకైనా ఆ విద్య ఇంట్లోనే వచ్చి ఉంటుంది. చుక్కలు సరిగ్గా పడితే గీత దానంతటదే కుదురుతుంది. కాగితం మీద అంగుళానికి ఒక అడుగు చొప్పున 40 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు బొమ్మ గీసి, అంగుళం గళ్ళు కొట్టండి. గోడ మీద అడుగు గళ్ళకు నీలంపొడి రాసిన దారాన్ని ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. నేల వాలుగా ఉంటే నేల నుంచి కొలవొద్దు. నీటి గొట్టంతో మట్టం చూసి ఒక అడ్డగీత కొట్టుకుని, దాన్నుంచి పైకీ కిందికీ కొలవండి. ఈ జాగ్రత్త లేకపోతే నలభై అడుగులు పోయేసరికి బొమ్మ ఒక పక్కకు జారినట్టు కనిపిస్తుంది, అప్పుడిక సరిచేయలేరు.

తర్వాత ఒక్కరే, మీరైనా చెయ్యి తిరిగిన విద్యార్థి అయినా, గీతలన్నీ సుద్దతో వేయాలి. ప్రతి గడిలో ఏ రంగు పడాలో అంకె వేయండి. రంగు డబ్బాల మీదా అవే అంకెలు అంటించండి. అప్పుడు ముప్పై మందీ ఒకేసారి పని చేయగలరు. ఆరుగురు చొప్పున ఐదు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఎనిమిదడుగుల గోడ ఇవ్వండి. ఐదడుగుల ఎత్తు దాటిన పని పెద్దవాళ్ళకు వదలండి, పిల్లల్ని నిచ్చెన ఎక్కించొద్దు. చివరి నల్లగీతలు మాత్రం ఒకే చెయ్యి వేయాలి. రంగులో చిన్న తప్పులుంటే ఆ గీత కప్పేస్తుంది. దానికి 6, 10 నంబరు గుండ్రటి బ్రష్‌లు తీసుకుని, రంగులో పదో వంతు నీళ్ళు మాత్రమే కలపండి. పలచనైతే కారుతుంది.

పూతకూ పూతకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. మన ఎండలో పైకి అరగంటకే ఆరినట్టుంటుంది, లోపల ఆరదు. వేడెక్కిన గోడ మీద రంగు పరుచుకోకముందే గట్టిపడి బ్రష్ గీతలు మిగులుతాయి. పొద్దున ఆరు నుంచి పది వరకు, మళ్ళీ నాలుగు తర్వాత చేయించండి. నెలల్లోనైతే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వానే పడినా, ఎక్కువ వాన పడే నెలలు సెప్టెంబరు, అక్టోబరులే.

నేల నుంచి ఒకటిన్నర అడుగు వరకు బొమ్మ వేయకండి, ఒకే గేరురంగు పట్టీ వదలండి. బురద చిమ్మేదీ, చవుడెక్కేదీ ఆ మేరకే. అది పాడైతే బొమ్మను ముట్టకుండా పట్టీ ఒక్కటే ఏటా వేసుకోవచ్చు.

బొమ్మ ఏం వేయాలని మీరు అడగలేదు గానీ ఒక్క మాట. మీ మండలంలోనే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ గోడకు చక్కగా ఒదుగుతుంది. గట్టి నల్లగీత, నిండు రంగు, నీడలు దిద్దే పని ఉండదు. తోలుకు కొట్టిన కన్నాల్లోంచి వెలుగు వచ్చే చోట గోడ మీద తెల్లచుక్కలు పెట్టాలి. బ్రష్‌తో కాదు, పెన్సిలు వెనక మొనను తెల్లరంగులో ముంచి అద్దితే చుక్కలన్నీ ఒకే సైజులో పడతాయి. పిల్లలకు అది ఎంతో ఇష్టమైన పనవుతుంది. ముందు వాళ్ళను నిమ్మలకుంట తీసుకెళ్ళి, ఆ బొమ్మలు చేసేవాళ్ళను అడిగి, చూసి వచ్చాకే వేయించండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ప్రహరీకి రెండేళ్ళ కిందట డబ్బులు వేసుకుని బొమ్మలు వేయించాం. ఏడాది తిరక్కుండానే కింద తెల్లటి పొడి వచ్చి పెచ్చులూడుతోంది. వేసినవాళ్ళేమో రంగు మంచిదే అంటున్నారు. తప్పు ఎవరిది? మళ్ళీ వేయిస్తే నిలుస్తుందా?

జవాబు: రంగు మంచిదే కావచ్చు. ఆ తెల్లపొడి చవుడు. ప్రహరీలకు పునాది మీద తేమ ఆపే పొర వేయడం చాలా అరుదు. నేలలోని నీళ్ళు, మన బోర్లలోని ఉప్పునీళ్ళు, ఇటుకల సందుల్లోంచి పైకి పీల్చుకుంటూ వస్తాయి. నీరు గోడ పైపొర దగ్గర ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు రంగుపొర వెనక గడ్డకట్టి, పెరిగి, పొరను బయటికి నెడుతుంది. రంగు ఎంత గట్టిదైతే అంత పెద్ద పెచ్చు ఊడుతుంది.

అందుకే మళ్ళీ రంగు వేయించేముందు గోడ అవతల ఏముందో చూడండి. అవతల మొక్కల మడి ఉండి మట్టి గోడకు ఆని ఉంటే, రోజూ పోసే నీళ్ళే మీ బొమ్మను తినేస్తున్నాయి. మట్టిని గోడ నుంచి అడుగు వెనక్కి తీసి ఆ సందులో కంకర నింపండి. ఏసీ నీటిగొట్టం, వాన నీటి గొట్టం గోడ మొదట్లో వదలుతున్నారేమో చూడండి. ఆ తర్వాత గోడ తల. పైన కప్పురాయి లేని ప్రహరీ నెత్తి మీద వాన తాగుతుంది. కడప బండ గానీ తాడిపత్రి బండ గానీ గోడ కన్నా రెండు వైపులా రెండేసి అంగుళాలు ముందుకొచ్చేలా వేయించి, బండ అడుగున అంచుకు దగ్గరగా చిన్న గాడి కొట్టించండి. నీటిచుక్క ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది, గోడ వెంట పాకదు. గాడి లేని బండ వేసి, తర్వాత గోడంతా నల్లచారలు పడ్డాయని బాధపడేవాళ్ళు ఎందరో.

ఇవి చేశాక చవుడు పట్టిన భాగాన్ని ప్లాస్టర్ దాకా గీకి, ఉప్పును పొడిబ్రష్‌తోనే దులపండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. రెండు వారాలు వదిలేసి, మళ్ళీ పొడి వస్తే మళ్ళీ దులపండి. పొడి రావడం ఆగేదాకా ఇదే పని. యాసిడ్‌తో కడగమని చెప్పేవాళ్ళుంటారు, వినొద్దు. అది సిమెంటును తిని గోడను ఇంకా బోలు చేస్తుంది. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఒక వైపే వేసినా లాభం లేదు, తేమ ఇంకో అడుగు పైకెక్కి అక్కడ బయటపడుతుంది.

తప్పెవరిదని అడిగారు. గోడ తడి చూడకుండా రంగు వేయడం వేసినవాళ్ళ తప్పే. ఈసారి ఒప్పుకునేముందు పైన చెప్పిన పాలిథిన్ పరీక్ష మీ ఎదుటే చేయమనండి. చేయనంటే వేరే వాళ్ళను చూసుకోండి.

ప్రశ్న: లేపాక్షిలో పైకప్పు బొమ్మలు దాదాపు ఐదువందల ఏళ్ళవి. మన గోడల మీదివి ఐదేళ్ళు కూడా నిలవవు. ఆ రంగులు మనం వాడలేమా? – హిందూపురం పాఠకుడు

జవాబు: రంగులు వాడొచ్చు, ఆ గోడ మన దగ్గర లేదు. లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల చేతుల మీదుగా కట్టినది. అక్కడి బొమ్మలు రాతి కప్పుకు పూసిన సున్నపు పూత మీద ఉన్నాయి. ఎరుపు, పసుపు మట్టిరంగులు. నలుపు మసి. తెలుపు సున్నం. మట్టిరంగు అంటే ఇనుము తుప్పే, అది ఎండకు ఇక మారేది కాదు. గులాబీ, ఊదా లాంటి రంగులు ఎండలో విరిగిపోయే రసాయనాలు. తేడా మొదట అక్కడ వస్తుంది. రెండో తేడా మీరు తల పైకెత్తగానే తెలుస్తుంది. ఆ బొమ్మలు మండపం లోపల, తల పైన ఉన్నాయి. వాటి మీద నేరుగా ఎండ పడదు, వాన పడదు, ఎవరి భుజమూ రాసుకోదు. అంత కాపుదల ఉన్నా అక్కడక్కడ పూత రాలి, రంగు పోయిన చోట్లున్నాయి. ఫ్లాష్ వాడకుండా, చేతులు పైకెత్తి తాకకుండా చూడటం మన వంతు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న అద్దం తీసుకెళ్ళండి. మెడ నొప్పి లేకుండా అద్దంలో కప్పును చూస్తూ నడవొచ్చు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం ఘట్టాల్లో చీరల అంచులు ఒక్కొక్కటీ విడిగా చూడండి. ఒక చీర మీది గళ్ళు ఇంకో చీర మీద ఉండవు. గీత ముందు, రంగు తర్వాత అన్న పద్ధతి అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఎర్రటి నేల మీద బొమ్మలు, వాటి చుట్టూ నల్లగీత, పక్కకు తిరిగిన ముఖాల్లో పొడవాటి కన్ను. నాలుగైదు రంగులతో అంత నిండుదనం రావడం చూశాక పాతిక రంగుల డబ్బాలు కొనాలనిపించదు.

మన సిమెంటు గోడ మీద సున్నపు పద్ధతి చేయమని మాత్రం చెప్పం. సిమెంటు ప్లాస్టర్ మీద సున్నం పట్టదు. బదులుగా దుకాణంలో రంగు కలిపించేటప్పుడు ‘ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, ఐరన్ ఆక్సైడ్ పసుపు, కార్బన్ నలుపు’ అని అడిగి తీసుకోండి. నీలం కావాలంటే థాలో నీలం. ఎండ పడే గోడకు వీటితోనే బొమ్మ అనుకోండి. నీలం తీసేస్తే లేపాక్షి రంగుల వరుస ఇంచుమించు అదే.

ప్రశ్న: గోడబొమ్మను ఫోన్‌తో తీస్తే వంకరగా వస్తోంది. ఇంకో మాట, ఊళ్ళోని బొమ్మల ఫొటోలతో క్యాలెండరు వేసి అమ్ముకోవచ్చా? రోడ్డు మీద ఉన్నవే కదా. అలాగే మా వీధి గోడ మీద మేమే వేయాలంటే ఎవరి అనుమతి కావాలి?

జవాబు: ఫోనును బొమ్మ ఎత్తులో సగానికి తెచ్చి, గోడకు ఎదురుగా, ఏ పక్కకూ వాలకుండా పట్టుకోండి. కెమెరాలో గళ్ళు ఆన్ చేసి గోడ పై అంచును అడ్డగీతకు కలపండి. కింద నుంచి పైకి ఎత్తి తీస్తేనే వంకర వస్తుంది. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే వైడ్ లెన్స్ వాడొద్దు. మూడో వంతు ఒకదానిపై ఒకటి వచ్చేలా ముక్కలు ముక్కలుగా తీసి తర్వాత కలపండి. పడమటి గోడను పొద్దున, తూర్పు గోడను సాయంత్రం, అంటే గోడ నీడలో ఉన్నప్పుడు తీయండి. వేపచెట్టు నీడలు మచ్చలుగా పడే గోడకైతే మబ్బురోజే దిక్కు.

అమ్మకం సంగతి వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించుకోవచ్చు. ఆ వెసులుబాటులో చిత్రలేఖనం లేదు. గోడబొమ్మ చిత్రలేఖనం కిందికే వస్తుంది. రోడ్డు మీద ఉన్నా బొమ్మ హక్కు వేసినవాళ్ళది, డబ్బిచ్చి వేయించి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించినవాళ్ళది. ఇంట్లో దాచుకోవడానికి తీసుకుంటే ఇబ్బంది లేదు, క్యాలెండరుకు మాత్రం ఆ హక్కు ఉన్నవాళ్ళను వెతికి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, కళాకారుడి పేరు వేసి, డబ్బివ్వండి. అదే చట్టం 57వ సెక్షన్ కళాకారుడికి ఇంకో హక్కు ఇస్తుంది. బొమ్మ అమ్ముడైనా సరే, దాన్ని పాడుచేసి పరువు తీస్తే అడగొచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల పరిహారం ఇవ్వమంది.

మీరు వేయాలంటే ప్రైవేటు గోడకు యజమాని సంతకం చాలు, అదీ కాగితం మీద. ప్రభుత్వ గోడకు ఆ శాఖ అధికారి అనుమతి, నగరపాలక సంస్థకు దరఖాస్తు రెండూ కావాలి. దరఖాస్తుకు గోడ ఫొటో, కొలతలు, బొమ్మ నకలు జతచేయండి. అనుమతి లేకుండా బహిరంగ స్థలాల్లో గోడలపై రాతలు, బొమ్మలు వేయడం 1997 నాటి రాష్ట్ర చట్టం కింద నేరం. పురాతన రక్షిత కట్టడం రాయి మీద గీత కూడా గీయొద్దు. దానికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

మూత్రం పోయకుండా గోడ మీద దేవుళ్ళ బొమ్మలు వేయమని కొందరు అడుగుతారట, మీరూ ఆ సంగతి రాశారు. వేయకండి. దేవుణ్ణి కాపలాకు పెట్టడం ఆ బొమ్మకూ, మొక్కేవాళ్ళకూ అవమానం. అక్కడ ఒక దీపస్తంభం, దగ్గర్లో ఒక మరుగుదొడ్డి అడగండి.

ప్రశ్న: మా తాత పెట్టిన కిరాణా అంగడికి అప్పటి పెయింటరు రేకు మీద రాసిన బోర్డు ఉంది. పక్క గోడ మీద అదే చేతి బొమ్మ, తక్కెడ పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు ఫ్లెక్సీ వేద్దామంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పడం లేదు. పాతది ఎలా కాపాడుకోవాలి? – కదిరి పాఠకుడు

జవాబు: మీ మనసు చెప్పింది వినండి. ఫ్లెక్సీ మన ఎండకు రెండేళ్ళలో చిరుగుతుంది. ఆ చేతిరాత మళ్ళీ దొరకదు.

ఇవాళే చేయాల్సిన పని నకలు తీసుకోవడం. బోర్డు మీద, గోడ మీద పలచని పారదర్శక పాలిథిన్ పరిచి, అసలు సైజులోనే మార్కర్‌తో ప్రతి గీతనూ దిద్దుకోండి. బోర్డు పైఅంచు, కింది అంచు కూడా గీయండి, లేకపోతే తర్వాత అమర్చేటప్పుడు మట్టం తప్పుతుంది. పెయింట్ దుకాణంలో షేడ్ కార్డు అడిగి తెచ్చి, ప్రతి రంగు పక్కన పెట్టి చూసి, దగ్గరగా ఉన్న నంబరును ఆ పాలిథిన్ మీదే రాసుకోండి. ఎండలో కాదు, నీడలో పోల్చండి. అక్షరం వెలిసిపోయినా, పైన వాలిన చూరు కింద, మేకు తల చుట్టూ అసలు రంగు మిగిలి ఉంటుంది, అక్కడ చూడండి.

శుభ్రం చేయడానికి మెత్తటి పొడిబ్రష్ చాలు. జిడ్డు ఉంటే దూదిని మంచినీళ్ళలో తడిపి, పిండేసి, ముందు ఒక మూలలో అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపండి. కిరోసిన్, సబ్బుపొడి, అవిసెనూనె దగ్గరికి రానివ్వొద్దు. నూనె పూస్తే ఆ పూట మెరుస్తుంది, ఏడాదికి పచ్చబడి దుమ్మునంతా పట్టుకుంటుంది. వార్నిష్ కూడా వద్దు. రేకు వెనకవైపు తుప్పుంటే గరుకు కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి, ముందువైపు ముట్టకండి. బోర్డును గోడకు ఆనించి బిగించి ఉంటే వెనక అరంగుళం మందం రబ్బరు ముక్కలు పెట్టి ఎడం చేయండి. గాలి ఆడితే తుప్పు ఆగుతుంది.

గోడ మీది తక్కెడ బొమ్మకు పైన రెండడుగుల చూరు వేయించండి. మధ్యాహ్నపు ఎండ, వాన రెండూ తప్పుతాయి. రంగు రాలిన చోట మళ్ళీ దిద్దించొద్దు, కొత్త చెయ్యి పాత గీతను చెడుపుతుంది. అంగడికి మెరిసే బోర్డు కావాలని ఇంట్లో పట్టుబడితే, మీరు తీసుకున్న నకలు ఇచ్చి అదే అక్షరాలతో కొత్త రేకు మీద రాయించండి. ఊళ్ళో ఎనామిల్‌తో రాసే పెయింటర్లు ఇంకా ఉన్నారు. పాత బోర్డు లోపల, గల్లాపెట్టె వెనక గోడకు, ఎండ తగలని చోట పెట్టండి.